వుజూ కుళాయి, ఎడమ చక్రం

ఇప్పటికీ ఏ మెకానిక్ షెడ్డులోకి అడుగుపెట్టినా నేను ముందు నేల చూస్తాను. ఒక మగ్గు నీళ్లు కింద పోసి, అవి ఎటు పారతాయో చూసిన తర్వాతే యంత్రం వైపు తల తిప్పుతాను. మా ఊరి బైపాస్ మీద కొత్తగా అలైన్‌మెంట్ సెంటర్ పెట్టుకున్న కుర్రవాళ్లకు ఇది ముసలివాడి చాదస్తంగా కనిపిస్తుంది. "ఏం పెద్దాయనా, కళ్లాపి చల్లతాండావా?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్లకు ఎన్నోసార్లు చెప్పబోయి, ఫోను మోగడం వల్లో బండి రావడం వల్లో మధ్యలో ఆగిపోయిన సంగతి ఇది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మాది రాయచోటి వైపు. దూది ఏకే కులం మాది, ఆ పని మా ఇళ్లలో తాతల నాడే ఆగిపోయింది. ఇంట్లో మాట తెలుగే. అరబ్బీ అక్షరాలు మాత్రం మసీదు పక్క మక్తబ్ బడిలో, పాఠం చెప్పే హజ్రత్ బెత్తం కింద నేర్చుకున్నాను. పదిహేనేళ్లు వచ్చేసరికి దైవగ్రంథంలో చాలా భాగం కంఠస్థం. తర్వాత కువైట్ వెళ్లి, అహ్మది అవతల గ్యారేజీల వాడలో ఇరవై ఏళ్లకు పైగా చక్రాల అలైన్‌మెంట్ పని చేశాను. గ్యారేజీలో మధ్యాహ్నం నమాజుకు ఏడెనిమిది మందిమి నిలబడేవాళ్లం. వాళ్లలో గ్రంథం ఎక్కువ ఓదడం వచ్చినవాణ్ణి కాబట్టి ముందు నిలబడి చదివించే బాధ్యత నాది. శుక్రవారం మసీదు నుంచి వచ్చాక అందరికీ నాలుగు మంచి మాటలు కూడా చెప్పేవాణ్ణి.

మా పని గురించి రెండు ముక్కలు. అలైన్‌మెంట్ అంటే చక్రాన్ని తిన్నగా నిలబెట్టడం. చక్రం తల బయటికి వాలిందా లోపలికి వాలిందా, రెండు ముందు చక్రాలూ ఒకదాని వైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయి, ఇవి చూసి సరిచేయాలి. తేడా డిగ్రీలో పావు వంతో, అర వంతో ఉంటుంది. కంటికి ఆనదు. కానీ మూడు టన్నుల బండి నూట ఇరవై వేగంలో వెళుతున్నప్పుడు లోపల కూర్చున్నవాళ్ల ప్రాణం ఆ కంటికి ఆనని తేడా మీదే నిలిచి ఉంటుంది. అరబ్బులు ఈ పనిని మీజాన్ అంటారు. తూకం అని అర్థం. ఆకాశాన్ని పైకెత్తి తూకాన్ని నిలబెట్టినవాడి గురించి నేను చిన్నప్పుడు ఓదిన మాట కూడా అదే. నట్టు మీద స్పానర్ పెట్టి పావు చుట్టు తిప్పినప్పుడల్లా నా ఒళ్లు జలదరించిన రోజులున్నాయి. రోజులు గడిచేకొద్దీ ఆ జలదరింపు పోయి నాకు చేయి తిరిగిందన్న ధీమా మిగిలింది.

షెడ్డులో నీళ్ల కుళాయి మొదట వెనక గోడకు అవతల, ఎండలో ఉండేది. నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోవాలి. దాన్ని వుజూ అంటాం. ఎండాకాలంలో ఆ కుళాయి తిప్పితే చెయ్యి కాలేది. నేను ఫోర్‌మన్ వెంటపడి, షెడ్డు లోపల అలైన్‌మెంట్ చేసే సిమెంటు పలక పక్కనే ఇంకో కుళాయి పెట్టించాను. ముందు ఎడమ చక్రం ఆగే చోటికి మూడడుగుల దూరం. కింద చిన్న తొట్టి, తొట్టి లోంచి గోడ వారగా కాలువ. పైపు నేనే వేశాను. ఇంతమంది వుజూ చేసుకుంటున్నారు, ఆ పుణ్యంలో నాకూ భాగముంటుందని లోలోపల మురిసిపోయేవాణ్ణి.

ఆ కుళాయి ఎంత బిగించి కట్టినా ఏనాడూ పూర్తిగా ఆగలేదు. చుక్క చుక్కగా కారుతూనే ఉండేది.

మా షెడ్డులో సస్పెన్షన్ పని చూసేది ఒక కోనసీమ ఆయన. స్ప్రింగులు, షాకప్పులు విప్పడంలో ఆయనకు సాటి లేరు. నాకంటే రెండేళ్లు పెద్ద, నన్ను మాత్రం సాయిబు గారూ అనేవాడు.

"సాయిబు గారూ, మీ కుళాయి ఏడుత్తోందండి. వాచరు మార్పించండి."

"మారుస్తాలే."

"కిందటి చవితికీ ఇదే మాటన్నారు. ఇంకో చవితి వచ్చేత్తోందండి."

పారే ఏటి ఒడ్డున కూర్చున్నా వుజూకి నీళ్లు వృథా చేయకూడదని మాకు బోధ. ఆ బోధ మీద నేను ఒక శుక్రవారం అరగంట మాట్లాడాను. మాట్లాడుతున్నంతసేపూ నా వెనక కుళాయి కారుతూనే ఉంది. వింటున్నవాళ్లు ఎవరూ నవ్వలేదు. అది వాళ్ల మర్యాద.

ఇక అసలు సంగతి. చలికాలం మొదట్లో ఒక పెద్ద అమెరికా బండి వచ్చింది. యజమాని అరవై దాటిన కువైటీ. తోలుకొచ్చినవాడు ఆ ఇంటి డ్రైవరు, మా రాయచోటి పక్క పల్లెవాడే. ముప్పై ఏళ్లుంటాయి. సన్నగా ఉంటాడు, మాట తక్కువ. ఆ ఇంట్లో ఆరేళ్లుగా ఉన్నాడు. యజమానిని బాబా అనీ, యజమాని తల్లిని పెద్ద మామా అనీ పిలిచేవాడు. పాత స్ప్రింగులు కుంగిపోయాయి. వాటి చోట గట్టివి వేసి, కొత్త షాకప్పులు బిగించి, అలైన్‌మెంట్ చేయాలి.

"దూరం పోతాండాం అన్నా," అన్నాడు డ్రైవరు. "పెద్ద మామాను ఉమ్రాకు తీసకపోతాండాం, రోడ్డు మీదనే. ఆమెకు ఇమానం పడదు. నేనే తోలేది." బండి వైపు చూస్తూ అన్నాడు, "కాబా చూస్తానని నేను కలలో గూడ అనుకోలే."

నేను అప్పటికే రెండుసార్లు మక్కా చూసి వచ్చినవాణ్ణి. మొదటిసారి చూడబోయేవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాణ్ణి దగ్గరికి తీసుకుని, అక్కడ మొదటి చూపు పడగానే దేవుణ్ణి ఏమని వేడుకోవాలో, ఏ దుఆ చేయాలో చెప్పాను.

కోనసీమ ఆయన రెండు రోజులు కూర్చుని స్ప్రింగులు మార్చాడు. "ఇంక దీని మీదకి ఒంటెనెక్కించినా కుంగదండి," అని నాకు అప్పజెప్పాడు. నేను బండిని పలక మీదికి ఎక్కించి, చక్రాలకు సెన్సర్లు తగిలించి, తెర మీద అంకెలన్నీ పచ్చరంగులోకి వచ్చేదాకా సరిచేశాను. అంకె పచ్చబడితే హద్దులో ఉన్నట్టు. ఒక్కటి కూడా ఎరుపు లేదు.

మూడో రోజు డ్రైవరు తిరిగొచ్చాడు.

"అన్నా, బండి కుడి పక్కకు లాగుతాంది."

మళ్లీ ఎక్కించి చూశాను. అంతా పచ్చ. "రోడ్డే కుడికి వాలుగా ఉంటుంది. కొత్త స్ప్రింగులు కదా, నీకు అలవాటు కావాలి," అన్నాను. వాడు ఇంకేదో చెప్పబోయి, సరేనని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. "అన్నా, వందకు పైన పోతే చెయ్యి నొప్పి పుడతాంది. ఎడమ పక్కకు పట్టుకోనే ఉండాల. ఒగసారి నా పక్కన కూర్చో అన్నా, పెద్ద రోడ్డు మీదికి పోదాం."

నేను కూర్చోలేదు. పని ఎక్కువగా ఉంది. ముందు టైర్లు రెండూ అటుదిటు ఇటుదటు మార్పించి, గ్యారేజీల వాడలో గుంతల సందు చుట్టూ నేనే ఒక చక్కరు కొట్టి వచ్చి, బాగుందన్నాను. అక్కడ ముప్పై మించి వేగం పోదు. అది నాకూ తెలుసు.

మూడోసారి వాడు రాలేదు. యజమాని ఫోన్ చేశాడు. "డ్రైవరు ఇంకా లాగుతోందంటున్నాడు. నీ మీజాన్ ఏమంటోంది?"

"మీజాన్ సీదాగా ఉంది బాబా," అన్నాను. అంతటితో ఆపి ఉంటే సరిపోయేది. "డ్రైవరు చేతులే బరువు," అన్నాను.

పక్కనే ఉన్న కోనసీమ ఆయన స్పానర్ కింద పెట్టాడు. "అంత మాట అనేశారేటండీ? ఆడి అన్నం మీద పడతాది కదండీ అది."

"యంత్రం అబద్ధం చెప్పదు," అన్నాను.

"యంత్రం ఆడి గురించి ఏటీ చెప్పలేదండి. మీరు చెప్పారు."

నేను ఇంకో బండి కిందికి దూరాను. నన్ను తప్పు పట్టగల మనిషి ఆ షెడ్డులో ఉన్నాడని అప్పట్లో నాకు తోచేది కాదు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నానికి ముందు ఆ బండి వచ్చి ఆగింది. తోలింది డ్రైవరే. పక్కన యజమాని. దిగీ దిగగానే నాతో అన్నాడు: "నా ముందు ఒకసారి చూపించు. తప్పు బండిలో ఉంటే సరిచెయ్యి. బండి బాగుందంటే ఖలాస్. చేతులు కుదురులేనివాడి వెనక సీట్లో నా తల్లిని కూర్చోబెట్టను. ఇంకో డ్రైవర్ని చూసుకుంటాను, ఇతని ఇఖామా రద్దు చేసి ఊరికి పంపుతాను."

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం. డ్రైవరు స్టీరింగ్ దగ్గరే కూర్చుని ఉన్నాడు. వాడికి అరబ్బీ బాగా అర్థమవుతుంది. నా వైపు చూడలేదు. తన రెండు చేతులు చూసుకుంటున్నాడు.

సెన్సర్లు తగిలించాను. తెర వెలిగింది. ఒకటి పచ్చ, రెండు పచ్చ, అన్నీ పచ్చ. యజమాని తెర చూశాడు, డ్రైవరును చూశాడు. "ఖలాస్," అన్నాడు నెమ్మదిగా.

అప్పుడే అజాన్ వినిపించింది. అందరం పని ఆపాం. ఆ రోజు పక్క షెడ్ల నుంచీ మనుషులు వచ్చారు, కుళాయి దగ్గర గుంపు. వరసగా వుజూ చేస్తుంటే తొట్టి నిండి నీళ్లు పొర్లాయి. చివరగా కాళ్లు కడుక్కున్నది డ్రైవరు. నేను అప్పటికే చాపలు పరిచి నిలబడ్డాను. వాడి పాదాల మీదుగా జారిన నీళ్లు గోడ వారన ఉన్న కాలువలోకి పోవాలి. ఆ వాలు నేనే పెట్టించాను. నీళ్లు కాలువ వైపు పోలేదు. పలక మీదికి పారి, తొందరేమీ లేనట్టు సన్నగా సాగుతూ, బండి ఎడమ చక్రం కిందికి వెళ్లి అక్కడ నిలిచాయి.

చూశాను. చూసి కూడా చేతులెత్తి నమాజు మొదలుపెట్టాను.

మధ్యాహ్నం నమాజు నాలుగు రకాతులు, అంటే నాలుగు విడతలు. పైకి వినిపించకుండా మనసులోనే ఓదుతాం. ముందు నిలబడ్డవాడు ఎలా లేస్తే, ఎలా వంగితే వెనకవాళ్లందరూ అలాగే చేయాలి. నా పెదవులు ఓదుతున్నాయి, మనసు మాత్రం ఎడమ చక్రం కింద నిలిచిన నీళ్ల దగ్గరే ఉంది. నీళ్లు అటు పోయాయంటే నేల అటు కుంగింది. నేల కుంగితే బండి ఎడమకు ఒరిగి నిలబడుతుంది. సెన్సర్లు ఆ ఒరిగిన బండినే కొలుస్తాయి. ఒరిగిన నేల మీద నిటారుగా పెట్టిన చక్రం, చదును రోడ్డు మీద వంకరగా నిలుస్తుంది. ఏ వైపు లాగుతుంది? కుడి వైపు. వాడు చెప్పిన వైపే.

మూడో రకాతు పూర్తికాగానే నేను కూర్చుండిపోయాను. నాలుగు అయ్యాయనుకున్నాను.

వెనక నుంచి ఒక గొంతు, "సుబ్‌హానల్లాహ్."

చదివించేవాడు పొరబడితే వెనకవాడు ఎవరైనా సరే ఆ ఒక్క మాటతో హెచ్చరించాలి. అది మా నియమం. నేను ఒక క్షణం తటపటాయించాను. అదే గొంతు రెండోసారి, ఇంకొంచెం గట్టిగా, "సుబ్‌హానల్లాహ్." అది డ్రైవరు గొంతు.

లేచి నిలబడ్డాను. మిగిలిన రకాతు పూర్తిచేశాను. మరచినవాడు చివర రెండు సజ్దాలు అదనంగా చేయాలి. నేల మీద నుదురు పెట్టాను. చాప కింద ఆ సిమెంటు పలక చల్లగా ఉంది. నా నుదుటి కింద నేల ఎంత ఒరిగిందో నాకు తెలియదు, అంతా సమంగానే ఉన్నట్టుంది. ఆరేడేళ్లుగా రోజూ అక్కడే నుదురు ఆనిస్తున్నాను. ఒక్కనాడూ తెలియలేదు. మనిషి పొరబడతాడని ముందే ఎరిగి, పొరపాటు దిద్దుకోవడానికి తన ఆరాధనలోనే చోటు పెట్టిన ఆ ప్రభువు దయ ఎంత పెద్దదో ఆ రెండు సజ్దాలలో నాకు అర్థమైనంతగా అంతకు ముందు ఏ ప్రసంగంలోనూ అర్థం కాలేదు. భయం కూడా వేసింది. దిద్దుకునే చోటు ఇచ్చాక దిద్దుకోకపోతే ఏమని జవాబు చెప్పాలి?

సలాం చెప్పి నమాజు ముగించి, దుఆకు కూడా కూర్చోకుండా లేచాను. కోనసీమ ఆయన తన బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. "సన్న ప్లాస్టిక్ పైపు ఉందా, లోపల నీళ్లు కనిపించేది?" అన్నాను.

"ఉందండి. నమాజులో ఏటి గుర్తొచ్చిందేటి?"

"నీ మాట. కుళాయి."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. ఊళ్లో తాపీ పని చూసినవాడు. పైపులో నీళ్లు నింపి ఒక కొస నాకిచ్చి, రెండోది తను పట్టుకుని కుడి చక్రం ఆగే చోట కూర్చున్నాడు. పైపు రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి, అది వాటి ధర్మం. నీటి గీత నుంచి పలక దాకా కొలిస్తే, ఆయన వైపు కంటే నా వైపు చిటికెన వేలు మందం ఎక్కువ వచ్చింది. ముందు ఎడమ మూల అంత కిందికి దిగింది. ఆ వేలు మందానికి చక్రం ఎంత ఒరుగుతుందో లెక్కకట్టడం నాకు నిమిషం పని. కోనసీమ ఆయన పైపు చుట్టేస్తూ గొంతు తగ్గించి అన్నాడు, "పెద్దాయనకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్పాను. వుజూ తడి ఆరని మనుషులందరూ చుట్టూ నిలబడి ఉండగా చెప్పాను. "బాబా, మీ డ్రైవరు చెప్పిందే నిజం. బండి కుడికి లాగుతోంది. ఇక్కడ నేల కుంగింది, యంత్రానికి ఆ సంగతి తెలియదు. ఈ కుళాయి పెట్టించింది నేను. కారుతుంటే చూస్తూ ఊరుకున్నదీ నేనే. ఇతని చేతులు బరువన్న మాట అబద్ధం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

యజమాని ఎడమ చక్రం దగ్గరికి వచ్చాడు. ఒంగి, తడిసిన నేలను వేలితో తాకాడు. డ్రైవరును పిలిచి, "నువ్వెన్నిసార్లు చెప్పావు?" అని అడిగాడు.

"ఇక్కడ రెండుసార్లు బాబా. మీకు ఒకసారి."

ఆయన తల ఊపాడు. నా వైపు తిరిగి, "సరిచెయ్యి," అన్నాడు. అంతే.

బండిని దింపి, ఎడమ చక్రం నిలిచే ఇనుప పళ్లెం కింద రేకులు ఒక్కొక్కటే దోపుతూ, పైపులో నీళ్లు సమానం అనేదాకా ఎత్తాం. బండిని మళ్లీ ఎక్కించాం. అప్పటిదాకా పచ్చగా ఉన్న తెర మీద ముందు చక్రాల అంకెలు రెండూ ఎర్రబడ్డాయి. నేను ఆ యంత్రం ముందు అన్నేళ్లు నిలబడ్డాను, కానీ ఆ ఎరుపు చూసి సంతోషించింది ఆ ఒక్కరోజే. స్పానర్ పట్టుకుని బిస్మిల్లా అన్నాను. పాత జలదరింపు తిరిగొచ్చింది.

సాయంత్రపు అసర్ నమాజుకు ముందు ముగ్గురం బయల్దేరాం. డ్రైవరు తోలాడు, యజమాని పక్కన, నేను వెనక. సౌదీ సరిహద్దు వైపు పోయే రోడ్డు ఎక్కాం. తిన్నటి రోడ్డు, అటూ ఇటూ ఇసుక. వేగం వంద దాటాక డ్రైవరు యజమాని వైపు చూసి, రెండు చేతులూ స్టీరింగ్ మీంచి వేలెడు పైకి లేపాడు. బండి తన దారిన తాను పోయింది. తెల్లగీత ఎక్కడో దూరం నుంచి వచ్చి, దారపు కండె చుట్టుకుంటున్నట్టు, తొణక్కుండా మా పక్కకు చేరుతోంది.  అంత బరువు, అంత వేగం, ఏ చెయ్యీ పట్టుకోకుండా. యజమాని "మా షా అల్లాహ్" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. నా కళ్లు నిండాయి. చక్రాలు సరిచేసింది నేనే, అయినా నా పని అనిపించలేదు.

"చేతులు పెట్టు," అన్నాడు యజమాని డ్రైవరుతో. "యల్లా, పెట్రోలు పోయించుకుని ఇంటికి పోదాం. మీ పెద్ద మామా బట్టలు సర్దుకుని కూర్చుంది."

వారం తర్వాత ఆ మూల పలక పగలగొట్టించారు. కింద ఇసుక లేదు. చెయ్యి భుజం దాకా దూరే బోలు. చుక్క వెనక చుక్క, ఆరేడేళ్లు. తొట్టి మూలలో వెంట్రుకంత పగులు, నీరంతా అందులోంచి దిగి అడుగునున్న ఇసుకను కొంచెం కొంచెంగా తీసుకుపోయింది. ఫోర్‌మన్ నన్ను తిట్టలేదు. ఆ బోలు దగ్గరికి తీసుకెళ్లి చూపించి, కుళాయి చూపించి, వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఇటీవల నా చేతి మీదుగా పోయిన బండ్ల వాళ్లందరికీ ఫోన్లు చేసి, తిరిగి రమ్మని, పొరపాటు మాదేనని చెప్పాను. పది రోజులు పట్టింది. కొందరు తిట్టారు. ఒకాయన మాత్రం, నా మెడ నొప్పికి డాక్టరు చుట్టూ తిరుగుతున్నాను, నువ్వేనా అని నవ్వాడు.

కోనసీమ ఆయన కొత్త వాషరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీ దేవుడు నీళ్లతో మీకు ఉత్తరం రాశాడండి. చదూకోడానికి ఇన్నేళ్లు పట్టింది. మళ్లీ రాయించకండి."

పదిహేను రోజులకు డ్రైవరు వచ్చాడు. గుండు చేయించుకున్న తల, ఎండకు నల్లబడ్డ ముఖం. చిన్న డబ్బాలో మక్కా బావి నీళ్లు, జమ్‌జమ్, తెచ్చాడు. నేను గ్లాసులో పోసుకుంటుంటే, "పైలం అన్నా, చుక్క కింద పడనీయొద్దు. నేల కుంగుతాది," అన్నాడు. మాట తక్కువ మనిషి అన్న మాట అది. నవ్వుతూ తాగాను.

తర్వాత మాఫ్ చేయమని అడిగాను. "ఆపొద్దే మాఫ్ చేసినాలే అన్నా," అన్నాడు. నేను వదల్లేదు. రెండుసార్లు చెప్పి ఊరుకున్నావే, ఇంకా గట్టిగా ఎందుకు చెప్పలేదు, నమాజులో అయితే గొంతెత్తావు కదా అని అడిగాను.

వాడు డబ్బా మూత బిగించాడు.

"నమాజులో ఎనకాల నిలబడినోనికి చెప్పే హక్కుంది గదన్నా," అన్నాడు. "షెడ్డులో యాడుంది?"

 లేచి, అప్పుడే లోపలికి వస్తున్న బండికి ఎదురెళ్లాను. సెన్సర్లు గోడకే ఉంచి, పక్క తలుపు తీసి, డ్రైవరు పక్కన కూర్చున్నాను. "ఎటు లాగుతోంది, చెప్పండి," అన్నాను.